పక్క కయ్యలో పిడుగు

సెల్‌ఫోనుకు ఇంకా వాన కబుర్లు తెలియని రోజులవి. తిరుపతి దగ్గర ఒక పరిశోధనా కేంద్రంలో కొత్తగా చేరిన నాకు అప్పగించిన పనేమిటో చెబితే మా ఇంట్లోవాళ్లే నవ్వారు. ఎక్కడో దూరదేశాల్లో పెట్టిన యంత్రాలు మెరుపు నుంచి వచ్చే రేడియో అలలను పట్టుకుని, పిడుగు ఫలానా చోట పడిందని లెక్కగట్టేవి. ఆ లెక్క నిజమో కాదో ఊళ్లు తిరిగి కనుక్కోవడం నా ఉద్యోగం. (పిల్లనిస్తామని వచ్చిన వాళ్లకు మా నాయన "ఆఫీసు పని" అని మాత్రం చెప్పి ఊరుకునేవాడు.)

వడమాలపేట చుట్టుపక్కల స్కూటరేసుకుని తిరిగాక నాకొక సంగతి అర్థమైంది. పిడుగు పడిందని అందరూ ఒప్పుకుంటారు, తమ పొలంలో పడిందని మాత్రం ఎవరూ ఒప్పుకోరు. అది ఇంటికి అరిష్టమట. ఈయన పక్క కయ్యలో అంటాడు (కయ్యంటే మా వైపు మడి), ఆ కయ్య ఆసామి అవతలి కయ్య చూపిస్తాడు. అలా పిడుగు వెంట పోతూ పోతూ ఒకసారి పుత్తూరు దాకా వెళ్లాను. మనుషులకంటే యంత్రమే నయమనిపించింది.

పుత్తూరు రోడ్డు పక్కనే ఉన్న ఒక మామిడితోటలో మాత్రం అడగనక్కర్లేకపోయింది. చెట్టు నడిమికి చీలి, ఆకంతా మాడిపోయి ఉంది. దాని కిందే నిలబడి తోట పెద్దాయన, "మా తోటలో పిడుగు పళ్లేదప్పా" అన్నాడు. మీ మిషిను ఏం చెప్పిందని అడిగాడు. అది ఆ పిడుగును రేణిగుంట అవతల చూపించిందని, ఉన్నమాటే చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"సూడు, మిషినే చెప్తా ఉండాది. ఇది ఎండకు వాడిందంతే. మా ఆడమనిషి నాటిన చెట్టబ్బా. ఆమె పోయినా ఇది కాస్తానే ఉండాది."

యంత్రమే తప్పిందని, అంత దూరం నుంచి చూస్తే అలాంటి పొరపాట్లు మామూలేనని, వాటిని పట్టుకోవడానికే తిరుగుతున్నానని ఎంతో నచ్చజెప్పాను. ఆయన నావైపు జాలిగా చూశాడు.

"నీ మిషిను మీద నీకే నమ్మకం లేకపోతే ఎట్లప్పా?"

ఆఫీసులో ఆ పిడుగు లెక్క తప్పని తేల్చాను. మా పెద్ద సారు మెచ్చుకున్నారు (ఆ ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే). ఆ వేసవంతా ఎండకు స్కూటరు మానేసి, పుత్తూరు బస్సు కిటికీలోంచి చూస్తుంటే, ఆయన బిందెతో ఆ మోడుకు నీళ్లు పోస్తూ కనిపించేవాడు. ఒకసారి బస్సు అక్కడ ఆగితే నన్ను గుర్తుపట్టి, చిగురు వస్తోందన్నట్టు కొమ్మ వైపు చూపించాడు. అక్కడేమీ లేదు. నేను సరేనన్నట్టు చెయ్యూపాను.

ఇప్పుడు నా ఫోనే పిడుగు హెచ్చరికలు చెబుతుంది. అది తప్పితే మా పిల్లలు నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది, స్కూటరు మీద తిరిగిన ఆ కుర్రవాణ్ని తలుచుకుని. తప్పులు పట్టినందుకే జీతం తీసుకున్నవాడు, ఆ ఒక్క చెట్టు దగ్గర మాత్రం యంత్రం చెప్పిందే నిజం కావాలని కోరుకున్నాడు. చెట్టు చిగురించలేదు.