పదమూడు సన్మానాల పైలటన్న

మా పైలటన్న పోయాడని బెంగుళూరు నుంచి కార్డు వచ్చింది. విషజ్వరమట. నాలుగు రోజులు మంచం మీద ఉండి ఐదో రోజు తెల్లవారేసరికి కన్ను మూశాడట. అన్నేళ్లు గాలిలో తిరిగిన మనిషి నులకమంచం మీద పోవడమేమిటని, మా అవ్వే బతికి ఉంటే దేవుణ్ణి నిలదీసి అడిగేది. నాయనకు కార్డు చదివి వినిపించాను. "ఊఁ" అన్నాడు. తలగుడ్డ చుట్టుకుని చేనికి వెళ్లిపోయాడు. నేను బడికి పోయి, నిన్న చెప్పిన లెక్కనే పిల్లలకు మళ్లీ చెప్పాను.

సాయంత్రం కోయిలకుంట్ల బజారులో ఈ మాట చెబితే ఒకాయన, "ఎవురు, ఆ సన్మానాల దొరనా? పాపం, పూలదండంటే పడి సచ్చేటోడు గదమ్మా" అన్నాడు. రెండు రోజుల తరువాత ఒక పత్రికలో నాలుగు ముక్కలు వేశారు. అందులోనూ "సన్మానప్రియుడు" అని ఉంది. నాకు ఒళ్లు మండింది. ఆయనకు జరిగిన పదమూడు సన్మానాలకూ నేను సాక్షిని. ఆయన ఒక్కటీ కోరుకోలేదు. మరి ఎందుకు చేయించుకున్నాడో తెలిసినవాళ్లం నలుగురమే. అవ్వా, ఆయనా పోయారు. మా నాయన నోరు విప్పే మనిషి కాదు. ఇక నేనే చెప్పాలి.

యుద్ధానికి ముందు మాట. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. మూడో ఏడు దేవుడు దయతలచి మా మూడెకరాల నల్లరేగడిలో జొన్న మనిషెత్తు లేచింది. ఆ చేను తప్ప మాకు ఇంకో ఆధారం లేదు. గింజ పాలు పోసుకుంటున్న రోజులవి. నాయన పొద్దున లేస్తే ప్రార్థన చేసుకుని చేనికి పోయేవాడు. అక్కడ వెన్నుల్ని చూసుకుంటూ మళ్లీ ఇంకో ప్రార్థన చేసేవాడు.

ఒకనాటి మధ్యాహ్నం రెండంతస్తుల రెక్కల విమానం ఒకటి గడగడ దగ్గుకుంటూ వచ్చి, మా పక్క బీట్లో వాలి, ఆగకుండా పరుగెత్తుకొచ్చి మా చేలో దూరింది. పది సాళ్లు నమిలి నిలబడిపోయింది. లోపల ముగ్గురు ప్రయాణికులు, ఒక పైలటు. ఎవరికీ గీత కూడా పడలేదు. మేమంతా దూరంగా నిలబడి వణుకుతుంటే మా నాయన ఒక్కడే ముందుకు నడిచాడు. పైలటు కిందికి దిగగానే ఆయన అన్న మొదటి మాట ఇది:

"ఏమప్పా, ఆకాశం అంత పెద్దది ఉండాదే, నీకు నా చేనే దొరికిందా?"

పైలటు చేతులు జోడించాడు. కడప జిల్లా రైతుబిడ్డే. అక్కడివాళ్లు మాట్లాడినట్టే మాట్లాడాడు. "తప్పయింది మామా. పైనుంచి జూస్తే నీ చేనొకటే నిండుగా కనపడె. ఇంత ఒత్తుగా పెరిగిన జొన్న గాబట్టి ఆపింది. పక్క చేన్లో దిగుంటే నేరుగా వంకలో పడుండేటోళ్లం."

మా నాయన పంటను అంతగా మెచ్చుకున్నవాళ్లు అంతకు ముందు లేరు. కోపం సగం దిగింది. మా అవ్వ వచ్చి పైలటు చెయ్యి గిల్లి చూసి, మనిషేనని తేల్చుకుని, "సంగటి తింటావా నాయనా?" అని అడిగింది. ఆ పూట నుంచి నాకు ఆయన అన్న అయ్యాడు.

మొదటి సన్మానం అక్కడే జరిగింది. ప్రయాణికుల్లో ఒక పత్తి వ్యాపారి ఉన్నాడు. కక్కుకోవడం అయిపోయాక తేరుకుని, తన ఉత్తరీయమే తీసి పైలటుకు కప్పి, "మీరు మా పాలిటి దేవుడు" అని ఏడ్చాడు. ఆయనే పత్రికలవాళ్లకు మాత్రం, తాను మంత్రాలయం స్వామికి మొక్కుకోవడం వల్ల విమానం దానంతట అదే దిగిందని చెప్పాడు. ప్రయాణికులు బండెక్కి, బస్సెక్కి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. ఇంజనులో ఏదో భాగం విరిగిందని, అది మద్రాసు నుంచి రావాలని పైలటన్న మా ఇంట్లో దిగాడు.

మర్నాటి నుంచి మొదలైంది తిరునాళ్ల. కోయిలకుంట్ల నుంచి, చుట్టూ ఇరవై ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. దారి చాలక చేలో నుంచి వచ్చారు. కొబ్బరికాయ ఇంజను మీద కొట్టబోయిన వాళ్లు కొందరు, ఫంకాకు వేపమండలు కట్టిన వాళ్లు కొందరు. నాయన కర్ర పట్టుకుని "చేనప్పా, చేను! తొక్కుతాండారు, దిగండి!" అని గట్టు పొడుగునా పరుగెత్తేవాడు. వాళ్లు నవ్వుతూ ఆయనకు కూడా దండం పెట్టేవాళ్లు. రెండు రోజుల్లో ఒక మూల చాప పరిచినట్టు అయింది. ఇంకో నాలుగు రోజులు ఇలాగే సాగితే ఆ ఏడు మేం తినడానికి గింజ ఉండదు. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడటం మానేసింది. మా అవ్వ మాట్లాడలేదంటే ఇల్లు కూలినట్టే.

మూడో రోజు పొద్దున పైలటన్న ఒక పని చేశాడు. పానాలు తీసుకుని విమానం ముందున్న ఆ పెద్ద కట్టె ఫంకాను ఊడదీశాడు. ఒక ఎద్దులబండి అడిగి తెచ్చి అందులో దుప్పటి పరిచి దాన్ని నిలబెట్టి కట్టాడు. తానూ ఎక్కి నిలబడి జనంతో గట్టిగా అన్నాడు:

"ఇనండప్పా! ఇమానం ప్రాణమంతా ఈ ఫంకాలోనే ఉండాది. ఆడ చేలో ఉండేది ఉత్త కట్టె. సన్మానం జేసేటోళ్లు ఎవురన్నా ఉంటే దీనికీ నాకూ మీ ఊర్లో జేయండి. యాడికి పిల్చినా వస్తా."

మన జనానికి ఇది చెప్పకుండానే అర్థమయ్యే సంగతి. మూలవిరాట్టు గుళ్లో ఉన్నా ఊరేగింపు ఉత్సవ విగ్రహానిదే. పీర్ల పండగలో పీరు లేచి ఊరేగితే చావిడి దగ్గర ఎవరు నిలబడతారు? బండి కదిలింది. తప్పెట్లు వచ్చాయి. గంటలో మా చేను దగ్గర నాయన, ఒక కాకి తప్ప ఎవరూ లేరు.

అట్లా మొదలైంది ఆయన సన్మానాల దండయాత్ర. గుడి ముందు ఒకటి, దర్గా దగ్గర ఒకటి, మా చర్చిలో ఒకటి. మా అయ్యగారు ప్రవక్త తిమింగలం కడుపులోంచి బయటపడ్డ కథ ఎత్తుకుని రెండు గంటలు దించలేదు. గాలిలో ఇంజను ఆగినప్పుడు కూడా తనకు అంత భయం వేయలేదని పైలటన్న తరువాత నాతో అన్నాడు. బంతిపూలు ఆయనకు పడవు. దండ పడగానే తుమ్ములు. తుమ్ముల మధ్య ఆయన ఉపన్యాసం ఎప్పుడూ ఒకటే: "ఇమానం దిగింది. నేను దాండ్లో ఉండా. అంతే." జనం చప్పట్లు కొట్టేవాళ్లు. కిందికి దిగి దండ తీసి ఎద్దు మెడలో వేసేవాడు. రెండో ఎద్దు దాన్ని తినేది. ఆ నెలలో ఆ ఎద్దులు నున్నగా తేలాయి.

ఎనిమిదో రోజు మద్రాసు నుంచి భాగం వచ్చింది. ఒక్క పూటలో బిగించేశాడు. కాని మళ్లీ పైకి లేవాలంటే బీడు ఒక్కటే చాలదు, మా చేను పొడుగంతా పరుగెత్తాలి. అంటే పచ్చి చేను కోసెయ్యాలి. గింజ ఇంకా గట్టిపడలేదు. విమానం కంపెనీ వాళ్లేమో వెంటనే బయల్దేరమని తంతి ఇచ్చారు.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, నీకు ఇంగ్లీషు వస్తాది గదా. ఇంజను ఇంకా బాగుకాలేదని రాసియ్యి."

"బాగైంది గదన్నా?"

"ఇంజను బాగైంది. జొన్న బాగుకాలేదు."

మిషను బడిలో అబద్ధమాడకూడదని నేర్పిన ఇంగ్లీషుతోనే రాశాను. రెండు రోజులకొకటి చొప్పున ఆరు తంతి వార్తలు. దగ్గు ఉందని ఒకసారి, పొగ ఎక్కువగా ఉందని ఒకసారి, నీరసంగా ఉందని ఒకసారి. పోస్టాఫీసు ఆయన జాలిపడి, "ఎవురికమ్మా ఈ జబ్బు? శొంఠి కషాయం పొయ్యమను" అన్నాడు.

మా నాయన తెలివితక్కువవాడేమీ కాదు. ఒక తెల్లవారుజామున పైలటన్న ఫంకా తగిలించి ఇంజను కొంచెంసేపు తిప్పి చూసుకున్నాడు. అది మా రుబ్బురోలు కన్నా నెమ్మదిగా, నీటుగా తిరిగింది. నాయన గట్టు మీద నిలబడి విన్నాడు. ఇంటికొచ్చి కొడవలి నూరడం మొదలుపెట్టాడు.

"చేను పండిందప్పా. రేపు కోస్తాం" అన్నాడు సంగటి దగ్గర కూర్చుని.

పైలటన్న లేచి, చేలోకి పోయి, ఒక వెన్ను తెంపుకొచ్చి గింజ కొరికి చూశాడు. "యాడ పండింది మామా? పాలు గారుతాండాయి. ఇంకా ఎనిమిది దినాలన్నా కావల్ల."

"నాకు తెల్దా నా చేను? పండింది."

"నాకు తెల్దా నా ఇంజను? దానికి ఇంకా జబ్బుండాది."

బాగైన ఇంజనుకు జబ్బని ఒకాయన, పండని చేను పండిందని ఒకాయన. ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోకుండా సంగటి ముద్దలు మింగుతున్నారు. అవ్వ మధ్యలో కూర్చుని, "దేవుడా, ఈ ఇద్దరు దొంగలకూ నేనే సంగటి కెలకల్లనా!" అంది. రెండు వారాల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి. నాయన కొడవలి చూరులో పెట్టేశాడు.

చేను నిజంగా పండాకే కోశాం. కట్టలు కళ్లానికి చేరాయి. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. జొన్న కోస్తే మిగిలే కొయ్యకాళ్లు మేకుల్లా ఉంటాయి, విమానం చక్రాలను చీల్చేస్తాయి. ఎగిరే రోజు చూడటానికి వందలమంది వచ్చారు, దండలతో. పైలటన్న బండెక్కి, "ఇదే కడాపటి సన్మానం. దండలొద్దు. మనిషికి ఇరవై కొయ్యకాళ్లు పీకండి" అన్నాడు. రెడ్లు, సాయిబులు, మా వాడవాళ్లు, పట్టుచీర కట్టుకొచ్చిన ఆడవాళ్లు అందరూ నడుం వంచారు. అంత జనం మా చేలో తలలు వంచి పనిచేయడం మా నాయన కళ్లారా చూశాడు. ఆ రోజు ఆయన కర్ర తేలేదు. అదే పదమూడో సన్మానం. అది ఎవరికి జరిగిందో నేను చెప్పను.

విమానం లేచింది. ఒక్కరి ముఖమూ కనబడలేదు, అంత దుమ్ము.

ఆరు నెలల తరువాత ఒకసారి చూడటానికి వచ్చాడు. అప్పుడు తెలిసింది. పొగడ్తల కోసం మూడు వారాలు విమానాన్ని ఆపుకున్నాడని కంపెనీలో విచారణ జరిగిందట. పత్రికల్లో వచ్చిన సన్మానాల వార్తలే సాక్ష్యం. మనుషుల్ని తీసుకుపోయే పని తీసేసి ఉత్తరాల విమానం ఇచ్చారు. జీతమూ తగ్గింది. "నిజం జెప్పి ఉండొచ్చు గదన్నా?" అన్నాను ఏడుస్తూ. "జెప్తే మీ నాయన్ను చెడగొట్టినట్ల గాదా? పంట కోసం ఇమానాన్ని ఆపించినాడని ఆయన మింద రాసుకుంటారు" అన్నాడు. తరువాత నవ్వి, "ఉత్తరాలే నయమమ్మా. కక్కుకోవు" అన్నాడు. ఆ మాట అప్పుడు నవ్వించింది. మేం తిన్న ఆ ఏడాది సంగటి ఆయన ఉద్యోగంలోంచి వచ్చింది. అది తెలిసి కూడా నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఆయన వద్దన్నాడని.

అప్పటి నుంచి వారానికొకసారి ఆ ఉత్తరాల విమానం మా మీదుగా పోయేది. మా చేను పైకి రాగానే ఒక రెక్క వంచేది.

నిన్న నాయనకు అన్నం తీసుకుని చేనికి పోయాను. ఈ ఏడు కూడా జొన్న పాలు పోసుకుంటోంది. నాయన మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని తోలుతున్నాడు. ఒక్క గింజ పిట్టకు పోనివ్వడు, అది ఆయన పట్టుదల. ఇంతలో ఉత్తరాల విమానం వచ్చింది. ఇప్పుడు నడిపేది ఇంకెవరో. రెక్క వంచకుండా తిన్నగా వెళ్లిపోయింది. నాయన వడిసెల కింద పెట్టి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా అటే చూస్తూ నిలబడ్డాడు. పిట్టలన్నీ వచ్చి వెన్నుల మీద వాలాయి. తింటున్నాయి. ఆయన తోలలేదు.