రిటైరైన ఈలతో మూడు తాలూకాలు

ఇది ఒక మహాయాత్ర కథ. ఇందులో వనవాసం ఉంటుంది, అగ్నిరథం ఉంటుంది, ఒక వీరుడు తన ఆయుధాన్ని కింద పెట్టలేక పడిన యాతన ఉంటుంది. ఇలా మొదలుపెడితే చదువుతారని ఎవరో చెప్పారు కనుక మొదలుపెట్టాను. నిజానికి మేం చిక్కబళ్ళాపురంలో బయలుదేరి, బాగేపల్లి, చింతామణి వైపు తిరిగి, మూడో రోజు మళ్ళీ చిక్కబళ్ళాపురంలోనే దిగాం. అగ్నిరథమంటే చిన్న రైలు. ఆయుధమంటే ఈల.

ఈల మా నరసింహప్ప మామది. ముప్పై ఏళ్ళు చిన్న రైలుకు గార్డుగా పనిచేసి ఉగాదికి రిటైరయ్యాడు. రైలు పోయింది, ఈల, భుజం మీది పచ్చ తువ్వాలు మిగిలాయి. వాటితో ఇల్లు నడపసాగాడు. ఆయన ఈల ఊదితేనే ముద్ద కుండ పొయ్యి దిగాలి, తువ్వాలు ఊపితేనే వడ్డన కదలాలి. రెండు నెలలు ఓర్చుకుని మా అత్త నన్ను పిలిచింది.

"ఈయన్ని పిల్చుకపో. రిటైరైనోళ్ళు పొద్దు ఎట్ల పోగొట్టుకుంటాండారో చూపించు. ఏదో ఒక పని దొరకల్ల. లేకుంటే నేను మీ నాయన ఇంటికి పోతా."

మా నాయన ఇల్లు, అంటే అత్త పుట్టిల్లు, మంచేనహళ్ళిలో. ఉద్యోగం వెతుక్కునే నెపంతో రెండేళ్ళుగా నేను అత్త చేతి వంట తింటున్నాను. ఆమె వెళితే నేనూ వెళ్ళాలి. అక్కడ మేపాల్సిన నాలుగు ఎనుములు నా కోసం ఎదురుచూస్తున్నాయి.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు బాగేపల్లి బస్సు. స్టాండులో ఇద్దరికీ ఉప్పిట్టు, కాఫీ కలిపి ఆరణాలు. ముందు సీట్లు ఖాళీగా ఉన్నా మామ చిట్టచివరి సీటుకు నడిచాడు. ఇన్నేళ్ళు రైలు తోకలో కూర్చున్న మనిషి. ఊళ్ళు వెనక్కి పోతుంటే తప్ప కుదురుగా ఉండలేడు. బస్సు ఆగిన చోటల్లా కిటికీలోంచి తల బయటపెట్టి అందరూ ఎక్కారో లేదో చూశాడు. పేరేసంద్ర దగ్గర కండక్టరు వచ్చి, "పెద్దాయప్పా, రైట్ చెప్పేది నా పని. నీవు కూర్చో" అన్నాడు. మామ కూర్చున్నాడు, ఒక ఫర్లాంగు దూరం.

బాగేపల్లిలో మామ స్నేహితుడు, రిటైరైన కోర్టు అమీను, పడసాలలో శెనక్కాయల కుప్ప ముందు కూర్చుని ఉన్నాడు. విత్తనానికి వాటిని చేత్తోనే వలవాలి. పొర చిట్లితే మొలవదు. ఇంటివాళ్ళు, ఇరుగుపొరుగు చుట్టూ కూర్చుని వలుస్తూ ఊరి సంగతులన్నీ కూడా వలుస్తారు. ఇంతకంటే మంచి కాలక్షేపం ఉండదని నేను సంబరపడ్డాను. సాయంత్రానికి మామ ముందు పొట్టు గుట్టగా ఉంది, విత్తనం పిడికెడు. అమీను తల్లి బొబ్బలెక్కిన వేళ్ళతో ఆ పిడికెడూ ఎత్తి చూసింది.

"ఏమప్పా, ఇవి మా చేన్లో నాటేదానికా, నీ కడుపులో నాటేదానికా?"

ఆ పూట మామ ముద్ద ముట్టలేదు. ఆకలి లేదన్నాడు. నమ్మాను.

మంగళవారం తొమ్మిదికి బస్సెక్కి చేళూరు మీదుగా చింతామణి, అక్కడ పెరుగన్నం తిని మధ్యాహ్నం కైవార. అక్కడ రిటైరైన బడి మేష్ట్రు ఒకాయన రోజూ గుడి భజనలో తాళాలు వేస్తాడు. మామకూ ఒక జత ఇచ్చారు. బాగానే వేశాడు. అయిదుంబావుకు లేచి నిలబడి గడియారం చూసి, ఈల ఊదాడు. అది చింతామణి రైలు కదిలే వేళట. భజన ఠక్కున ఆగింది. మంగళహారతి ఇంకా కాలేదని మేష్ట్రు నెమ్మదిగా చెప్పేలోగా సగం మంది ప్రసాదం దగ్గర ఉన్నారు. మామకు నమస్కారం పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

ఇక మిగిలింది ఒకే ఆశ: రోజూ స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టి రావడం. ఆ ఆశతోనే బుధవారం చింతామణిలో చిన్న రైలెక్కాం. మామ జీవితంలో మొదటిసారి నడిమి పెట్టెలో కూర్చున్నాడు, పెళ్ళిచూపులకొచ్చినవాడిలా. దారిలో ఒక చిన్న స్టేషనులో రైలు నిలిచింది. వేళ దాటింది. మామ గడియారం చూశాడు, కిటికీ చూశాడు, భుజం మీది పచ్చ తువ్వాలు తీసి జెండాలా బయటికి ఊపాడు. ఇంజను కూత వేసి కదిలింది.

గార్డు మునిరాజు కాఫీ లోటాతో ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. పరుగెత్తాడు. ప్రాణాపాయమేమీ లేదు, ఆ రైలును అందుకోవడానికి పరుగు కూడా ఎక్కువే. కాఫీ ఒలకలేదు. తరువాతి స్టేషనులో మా పెట్టెకు వచ్చాడు. పని నేర్పిన గురువు కనుక మామ కాళ్ళకు దండం పెట్టి మరీ అడిగాడు.

"మామా, ఇంక స్టేషను పక్కకి రావద్దు. మీ చెయ్యి కనపడితే డ్రైవరు నన్ను చూడడు."

మామ తువ్వాలు మడిచి చిక్కబళ్ళాపురం దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాడు. నేను ఎనుముల పేర్లు గుర్తు చేసుకున్నాను.

ఇంటి ముందు జనం. అత్త పెట్టె సర్దేసిందనుకున్నాను. కాదు, వీధివాళ్ళు. మూడు రోజులుగా ఈల వినబడక పిల్లలు ఇస్కూలుకు ఆలస్యంగా పోతున్నారట; టైలరు మధ్యాహ్నం ముద్ద మరిచిపోయాడట. ఆ వీధిలో గడియారం ఉన్నది మామ దగ్గరే. అత్త అందరి మాటా విని మామ వైపు తిరిగింది.

"ఊదుకో. వీధి కొసాన నిలబడి ఊదు. నా పొయ్యి దగ్గర ఊదినావంటే మంచేనహళ్ళే."

మరుసటి రోజు ఉదయం తొమ్మిదికి మామ పాత కోటు వేసుకుని వీధి చివర నిలబడి ఈల ఊది, తువ్వాలు ఊపాడు. పిల్లలు పరుగెత్తారు. అందరూ మలుపు తిరిగేదాకా వాళ్ళ వీపులే చూస్తూ నిలబడ్డాడు.

ఎంత తిరిగినా మనిషికి తగిన పని అతని వీధిలోనే ఉంటుందని గంభీరంగా ముగిద్దామనుకున్నాను. కానీ ఈ దారిన వెళ్ళేవారికి పనికొచ్చే సంగతి ఒకటే: బాగేపల్లి బస్సులో చివరి సీటు కిటికీకి అద్దం లేదు. వానాకాలమైతే గొడుగు తీసుకెళ్ళండి.