పరీక్షకి రాని కథ

నిన్న విజయనగరంలో పుస్తకాల కొట్టు ముందు కొత్త వాచకాల వాసన తగిలి ఆగిపోయాను. చిన్నప్పుడు మనమంతా పుస్తకాలకి అట్టలు వేసేలోపే అన్ని కథలూ చదివేసేవాళ్లం, గుర్తుందా?

అమ్మ చనిపోయిన ఏడాది నేను కోటబొమ్మాళిలో ఏడో తరగతి. తెలుగు వాచకం చివర్లో అమ్మలేని ఒక పిల్ల కథ ఉండేది. తల దువ్వేవాళ్లు లేక జడ తనే వేసుకోవడం నేర్చుకుంటుంది, అచ్చం నాలాగే. ఆ పాఠం ఎప్పుడు చెబుతారా అని ఎదురుచూసి, చివరికి మాస్టారినే అడిగాను.

"అది పరీక్షకి రాదమ్మా. అందరూ అడ్డంగా గీత కొట్టీండి," అన్నారాయన.

పక్కన కూర్చునే నేస్తం వరాలుకైనా ఆ కథ చెబుదామనుకున్నాను. "పరీక్షకి రానిది సదివి ఏటి సేస్తావే?" అంది.

ఆ తర్వాత మాస్టారు చెప్పకముందు ఏ కథనూ నేను చదవలేదు.