ప్రస్థానం సంచి

“ఏటే, మేం సచ్చిపోనామనుకున్నావేటి? వైజాగులో మేనమావ ఇల్లుండగా హోటల్లో దిగుతావా?”

ఫోన్లో మావయ్య మొదటి మాట అదే. టికెట్లు కొన్నామని అమ్మ తమ్ముడి దగ్గర నోరు జారింది, వెంటనే నాకు ఫోన్ వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. పెద్దవాడు కదా అని, “అది కాదు మావయ్యా, హోటల్ పాయింట్లున్నాయి, గదులు ఉత్తినే వస్తున్నాయి” అని నెమ్మదిగానే చెప్పాను. ఉత్తినే వచ్చినా పరువు తక్కువేనట. ఊళ్ళో చుట్టాలుండగా హోటల్లో దిగితే ఆ చుట్టాల ముఖాన ఉమ్మినట్టేనట. పరువట, పరువు!

ఆ పరువు సంగతి నాకు బాగా తెలుసు. మేం జంషెడ్‌పూర్‌ సీతారాండేరాలో ఉన్న రోజుల్లో ప్రతి వేసవికీ వైజాగు వెళ్ళేవాళ్ళం. టాటానగర్‌లో రైలెక్కిన దగ్గర్నుంచి అమ్మ ముఖం వెలిగిపోయేది. మర్నాటికల్లా ఆ ముఖం వంటింటి పొగలో ఉండేది. “అప్ప వచ్చిందంటే మాకు పండగే” అనేవాడు మావయ్య. నిజమే, పండగ వాళ్ళకే. అత్తకు నడుంనొప్పి అమ్మ గుమ్మంలో అడుగుపెట్టగానే మొదలయ్యేది. పొద్దున్న ఇడ్లీలు, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం గారెలు. పులుసు మాత్రం అప్ప చేతిదే కావాలి అందరికీ. సముద్రం ఆ ఇంటికి ఆటోలో వెళ్ళేంత దూరం. పిల్లలం తడిసి, ఒంటినిండా ఇసకతో తిరిగొచ్చేవాళ్ళం. అమ్మ ఆ బట్టలు ఉతికేది. ఆవిడ మాత్రం ఏ సాయంత్రమూ మాతో రాలేదు, రమ్మని పిలిచినవాళ్ళూ లేరు. ఇంటికొచ్చిన ఆడపడుచును ఇంత హాయిగా పనిమనిషిని చేసుకున్నవాళ్ళు ఇప్పుడు నాకు పరువు నేర్పుతున్నారు.

అందుకే ఈసారి పంతం పట్టాను. అమ్మ రెండు రోజులు కుర్చీలో కూర్చోవాలి. ఎవరో టీ తెచ్చి చేతికివ్వాలి. ఆవిడ తాగాలి. నేను కోరుకున్నది అంతకంటే ఏమీ లేదు.

మా ఆయనది కాంట్రాక్టు పని. మరమ్మతులకని ప్లాంటు షట్‌డౌన్ ఎక్కడుంటే అక్కడికి వెళ్తాడు. ఏ ఊరెళ్ళినా ఒకే పేరున్న హోటళ్ళలో దింపుతారు, పడుకున్న ప్రతి రాత్రికీ పాయింట్లు పడతాయి. అంటే ఆయన ఇంట్లో లేని రాత్రులన్నీ అక్కడ పోగుపడి ఉన్నాయన్నమాట. పాప జ్వరంతో మూలుగుతుంటే నేనొక్కదాన్నే తడిగుడ్డ వేస్తూ కూర్చున్న రాత్రి కూడా అందులోదే. వాటిని వాడుకోడానికి నేను మళ్ళీ ఆ హోటలువాళ్ళను బతిమాలుకోవాలి! స్కూలు సెలవుల్లో అడిగితే పాయింట్లకు గదులు లేవన్నారు. అవే తేదీలకు డబ్బు కడతానంటే ఉన్నాయి. నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ రోజూ ఫోన్లో వెతగ్గా వెతగ్గా, ఎండలు ముదిరిన ఒక వారం మధ్యలో సముద్రం ఎదుటే రెండు గదులు దొరికాయి.

వైజాగు రైల్లో రాత్రంతా ప్రయాణం చెయ్యడానికి అమ్మ మోకాళ్ళు ఒప్పుకోవు. పొద్దుటి రైల్లో హౌరా వెళ్ళి, కోల్‌కతాలో విమానం ఎక్కడం నయం. విమానం టికెట్టు మంగళవారానికే చవగ్గా ఉంది, అదీ మనిషికి చేతిసంచి ఒక్కటే పట్టుకెళ్ళనిచ్చేది. సీటు ఎంచుకుంటే డబ్బు, పక్కపక్కన కూర్చుంటే డబ్బు. కన్నతల్లి పక్కన కూర్చోడానికి నేను ఎవరికో సుంకం కట్టాలట. కట్టలేదు.

“మంగ్లారం నేను గడప దాటను” అంది అమ్మ.

“ఇప్పుడు మారిస్తే మళ్ళీ కొత్త టికెట్టంత అవుద్దత్తా” అన్నాడు మా ఆయన.

చివరికి దారి ఆవిడే చూపించింది, ప్రస్థానం పెడతానంది. మంచిరోజు చూసి సంచిని ముందుగానే వేరేవాళ్ళింట్లో పెడితే, ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు. ఆ తర్వాత ఏ వారం బయల్దేరినా దోషం ఉండదు. ఆదివారం పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, తన సంచి తానే మోసుకుంటూ వెళ్ళి, సిద్ధగోరాలో మా వెనక వీధిలో ఉన్న పిన్నిగారింట్లో పెట్టి వచ్చింది.

సోమవారం నేను సంచులన్నీ కాటాకు తగిలించి తూచాను, అమ్మది తప్ప. ప్రస్థానం సంచి మళ్ళీ ఇంటికొస్తే ప్రయాణం ఆగిపోతుందట. పోనీ నేనే కాటా పట్టుకుని పిన్నిగారింటికి వెళ్తే, దణ్ణం పెట్టిన సంచిని బయల్దేరేదాకా కదపకూడదని ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. సరే, అమ్మ సంచిలో ఏముంటుంది, నాలుగు బట్టలు, మోకాళ్ళ నూనె అనుకుని వచ్చేశాను.

మంగళవారం పొద్దున్నే పిన్నిగారింటి మీదుగా ఆ సంచి తీసుకుని బయల్దేరాం. కోల్‌కతా విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి ఆ సంచి తూచి, నవ్వుతూనే జరిమానా ఎంతో చెప్పింది. దాంతో ఇంకో మనిషి ఎక్కి రావచ్చు. పైగా ఆ నవ్వెందుకు? హిందీలో నాకు తెలిసిన మాటలన్నీ అనేశాను.

“మమ్మీ, సబ్ దేఖ్ రహే హై” అని పాప నా చెయ్యి పట్టుకు లాగింది. చూడనీ! సంచి పక్కకు ఈడ్చి జిప్పు తీశాను.

చింతపండు. మినప వడియాలు. ఇంగువ డబ్బా. జుగ్సలాయి బజారులో మావయ్య కోసం కొన్న బరువైన ఇత్తడి గిన్నె. వాటి అడుగున మడతపెట్టిన పాత చీరలు, అంచుల్లో పసుపు మరకలు, నూనె మరకలు.

“ఇవేటమ్మా?”

“వంటింట్లో కట్టుకోడానికే. మంచియ్యి పాడైపోవా?”

ఇన్నాళ్ళు పాయింట్ల కోసం, గదుల కోసం నేను పడ్డ తిప్పలన్నీ ఎందుకు? ఆవిడ మనసులో వైజాగంటే ఇప్పటికీ తమ్ముడి వంటిల్లే. ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. “నువ్వెందుకొస్తున్నావమ్మా? వండి పెట్టడానికా?” అని అందరి ముందూ అరిచాను. అమ్మ తల దించుకుంది. సామాన్లు మా ముగ్గురి సంచుల్లో ఎలాగో సర్దాను. చీరలు మాత్రం తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాను. అమ్మ చూస్తూ నిలబడింది గానీ వద్దనలేదు. విమానంలో ఆవిడకు ఎక్కడో వెనక సీటు వచ్చింది. దిగేదాకా ఆవిడ ముఖం నాకు కనిపించలేదు.

మర్నాడు సాయంత్రం మావయ్య హోటలుకే వచ్చేశాడు. అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. చేతిలో టీ, ఎదురుగా సముద్రం.

“అప్పా, లెగు. కింద ఆటో ఆపి వచ్చేను. ఇంటికాడ కోనాం సేప తెచ్చి ఉంచేరు. నీ సేతి పులుసు కోసం అందరూ కూకున్నారు.”

దెబ్బలాటకు నేను నోరు తెరిచేలోపు, అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

“వంటింట్లో కట్టుకోడానికి నాకు సీర నేదురా.”

“దానికేటి? నీ మరదలు తనది ఇత్తాది.”

“ఇత్తాది. సీర ఇత్తాది, గరిట ఇత్తాది.” అమ్మ గొంతులో అంత కోపం నేనెప్పుడూ వినలేదు. “ఇన్నేళ్ళూ మీ ఇంటికొచ్చేను. ఒక్కపాలైనా, అప్పా, కూకో అన్నావేట్రా?”

మావయ్య జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకుంటూ నిలబడిపోయాడు. కింద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. అమ్మ పక్కనున్న ఖాళీ కుర్చీని ఆయన వైపు తోసింది.

“కూకో” అంది.

తర్వాత గదిలో ఫోనెత్తి, టీ తెప్పించుకోడానికి పొద్దున్న పాప నేర్పిన నంబరు నొక్కి, మా జంషెడ్‌పూర్ హిందీలో, “ఏక్ చాయ్ ఔర్ భేజ్ దీజియే” అని చెప్పింది.