రెండొందల పన్నెండు ఊఁలు

ఆఫీసులో ఆమెను అందరూ ఊకొట్టక్క అనేవారు. ఇంటింటికీ తిరిగి, ఫోనులో రికార్డింగు పెట్టి, జనం చేత వాళ్ళ బతుకుల గురించి మాట్లాడించడం ఆమె పని. ప్రశ్నలు ఆఫీసు రాసిచ్చినవే. నేర్పంతా ఆ ‘ఊఁ’లో ఉంది. ఒక ‘ఊఁ’కి అత్తగారి సంగతి బయటపడేది, కాస్త సాగదీస్తే మొగుడి సంగతి. నోట్లో నువ్వుగింజ నానని వాళ్ళకైతే ఆ కాస్తా అక్కర్లేదు.

కొత్తగా వచ్చిన మేడమ్‌కి ఇదే కంటగింపయింది. పెద్ద చదువులు చదివిన మనిషి, పాపం ఓపిగ్గా కూర్చుని అక్క తెచ్చిన ఒక రికార్డింగంతా విని ఊఁలు లెక్కపెట్టింది.

“నలభై నిమిషాల్లో రెండొందల పన్నెండు. మీరు ఊఁ అన్నప్పుడల్లా ఆవిడ మీకు నచ్చేట్టు చెబుతోంది. ప్రశ్న అడిగి ఊరుకోండి. జవాబు దానంతటదే వస్తుంది.”

“అలాగేనండి,” అంది అక్క. అనక ఏం చేస్తుంది? నెలాఖరుకి ఉద్యోగం గడువు తీరిపోతుంది. పొడిగింపు కాగితం సంతకం లేకుండా మేడమ్ సొరుగులో ఉంది. అది రాకపోతే తోడికోడలి కుట్టుకొట్లో కూర్చుని కాజాలు కుట్టాలి. ఆవిడ చేత పని చెప్పించుకోవడమంటే అక్కకి ఒళ్ళుమంట. భయం కూడా.

మర్నాడు నోరు కట్టేసుకుని మూడిళ్ళు తిరిగింది. మొదటావిడ “నామీద ఏమన్నా కోపమా?” అని అడిగింది. రెండో ఆవిడ మంచినీళ్ళిచ్చి, “ఒంట్లో బాగున్నట్టు లేదు, ఇంటికెళ్ళి పడుకో తల్లీ,” అంది. మూడో ఇంటాయన ఇదేదో తనిఖీ అనుకుని ఇంటి కాగితాలన్నీ తెచ్చి ముందు పోశాడు.

“మీకు చేతకావడం లేదు. రేపు నేనొచ్చి చూపిస్తాను,” అంది మేడమ్.

ఇస్త్రీ కొట్టు పెద్దావిడ దగ్గరికి వెళ్ళారు. మేడమ్ రికార్డింగు నొక్కి, “మీ ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?” అని అడిగి ఊరుకుంది. పెద్దావిడ కాలరు మీద నీళ్ళు చిలకరించింది. చొక్కా మడత పెట్టింది. ఇంకోటి తీసింది. ముప్పయ్యేళ్ళుగా బట్టల కోసం కాచుకున్నవాళ్ళ గొడవలన్నీ విన్న ఘటం అది. ఊరుకోవడంలో ఆవిణ్ణి గెలవడం ఎవరి తరం?

చివరికి తలెత్తకుండానే, “మీ ఇంట్లోనో?” అంది.

“మా ఇంట్లోనా? ఇద్దరమూనండి,” అంది మేడమ్.

అలవాటు చావదు కదా, పక్కనున్న అక్క నోట్లోంచి సన్నగా ‘ఊఁ’ జారింది.

అంతే, గంటసేపు మేడమ్ ఆగలేదు. ఆయన బదిలీల కోసం తను మానేసిన రెండు ఉద్యోగాలు, తనని అడక్కుండానే ఆయన గోడలకి వేయించిన రంగు, అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. పెద్దావిడ ఉతికిన జేబురుమాలు ఒకటి అందించింది.

రికార్డింగులో ఉన్నది ఉన్నట్టు, ఏడుపుతో సహా టైపు చేయాలన్నది ఆఫీసు రూలు. పెట్టింది మేడమే. వదిలేస్తే రూలు తప్పినట్టు, ఉంచితే కొరివితో తల గోక్కున్నట్టు. అక్క ఉంచింది. మర్నాడు పంతొమ్మిది పేజీలు బల్లమీద పెట్టి, చెమటలు తుడుచుకుంటూ నిలబడింది.

మేడమ్ ఆసాంతం చదివింది. సొరుగులోంచి పొడిగింపు కాగితం తీసి సంతకం పెట్టి ఇటు తోసింది.

“రికార్డింగు చెరిపేయమంటారా అండీ?” అంది అక్క, బతుకుజీవుడా అనుకుంటూ.

“చెరిపేద్దురుగాని, ముందు ఆ తలుపేసి వచ్చి కూర్చోండి. నిన్న సగమే చెప్పాను.”