తోరం కట్టిన చెయ్యి

ఒమాన్‌లోని మత్రాలో పిల్లల బడికి కొత్త నిబంధన వచ్చిందని నాకు మొదట చెప్పింది మహబూబ్‌బీ అక్క. ఆ మాట తెచ్చిన మనిషికే నేను ద్రోహం చేశాను. ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. పూజలో కూర్చుంటే అదీ నా పక్కనే కూర్చుంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నేను బడి మొహం చూడలేదు. మా నాయన ఇంట్లోనే ఇసకలో అక్షరాలు దిద్దించాడు. ఆ నాలుగు ముక్కలు వచ్చినందుకే రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. కానీ నా కూతురు బడికి పోవాలి. మా ఆయనకు కంపెనీలో కరెంటు పని. మేం ఒమాన్ చేరి నాలుగు నెలలే. వర్తకులు కొందరు కలిసి నడిపే ఆ చిన్న బడిలో, ఏడాదికి పైగా ఇక్కడ కాపురమున్నవాళ్ళ పిల్లలకు ఒక ఫీజు, కొత్తగా వచ్చినవాళ్ళకు రెట్టింపు. వచ్చిన తేదీ ఉండే పాస్‌పోర్టులు కంపెనీల దగ్గరే ఉండిపోయేవి. అందుకని, ఇదివరకే అక్కడ పిల్లల్ని చదివిస్తున్న మన ప్రాంతం కుటుంబమొకటి, వీళ్ళు ఏడాదిగా ఇక్కడే ఉన్నారని సంతకం పెడితే చాలు.

అక్కది కడప. భర్త సూక్‌లో, అంటే అక్కడి బజారులో, దర్జీ. వాళ్ళ కొడుకు ఆ బడిలోనే చదివేవాడు. మా కింది గదిలో ఉండేవాళ్ళు. నేను అడగను కూడా లేదు. ఆమే కాగితం రాయించి, సంతకం పెట్టి తెచ్చింది. అప్పుడు రంజాన్ నెల. ఆమె రోజాతో ఉంది. ఉపవాసంలో నాకోసం అబద్ధమా అని నేను నసుగుతుంటే, అల్లాకు తను చెప్పుకుంటానంది. నా కూతురు బడికి పోయింది.

మరుసటి ఏడు అక్క చెల్లెలు చనిపోయింది. ఆమె కూతురు నూర్జహాన్‌ను అక్క తన దగ్గరికి తెచ్చుకుంది. పదేళ్ళ పిల్ల. మా గడపలో కూర్చుని, నా కూతురి పుస్తకాలకేసి చూసేది. డాబా మీద సుద్దముక్కతో నేనే అక్షరాలు నేర్పాను. నా కూతురికి గుణింతాలు రావడానికి మూడు నెలలు పట్టింది. నూర్జహాన్‌కు ఇరవై రోజులు. "ఇంగోటి పెట్టు చిన్నమ్మా" అనేది.

ఆ ఏడు శ్రావణమూ రంజానూ కలిసి వచ్చాయి. వరలక్ష్మీ వ్రతం రోజు ఒమాన్‌లోనే సలాలా నుంచి వచ్చిన కొబ్బరికాయతో కలశం పెట్టుకున్నాను. తోరానికి దారం అక్క భర్త కొట్లోంచి వచ్చిందే. తొమ్మిది పోగులు ఆయనే లెక్కపెట్టి పంపాడు.

అక్క వచ్చి గడప బయటే నిలబడింది. చేతిలో, నూర్జహాన్ ఏడాదిగా ఇక్కడే ఉందని రాయించిన కాగితం. వాళ్ళింటి పిల్లకు వాళ్ళే సంతకం పెట్టకూడదు. వాళ్ళు కాక ఆ బడిలో మన వైపు కుటుంబం మేమొక్కరమే.

"రేప్పొద్దున ఇయ్యాలంట మే. ఒక సంతకం పెట్టు."

"ఈరోజు వ్రతమక్కా. తోరం కట్టిన చేత్తో అబద్ధానికి ఎట్లా పెట్టేది?"

పరాచికాలాడుతున్నాననుకుంది. "అయితే ఎడం చేత్తో పెట్టు. నీ రాత యాడ బాగుండాది గనక."

నేను నవ్వలేదు. ఆమె నా మొహం వైపు చూసింది.

"నిజంగానే అంటాండావా?"

"అమ్మవారి ముందు చెప్పలేనక్కా."

అక్క కాగితం మడిచింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆ రోజూ ఆమె రోజాలోనే ఉంది. నిరుటి సంగతి ఒక్క మాట ఎత్తలేదు. మెట్ల మీది పిల్లతో, "పా నూరీ, చిన్నమ్మకు పూజుండాది" అని దిగిపోయింది.

మర్నాడు తెల్లవారాక తోరం తీసేశాను. బడి తెరవడానికి ఇంకా టైము ఉంది. కిందికి పది మెట్లు. ఎందుకు దిగలేదు? మా కాగితం కూడా తవ్వుతారని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉన్నమాట నిజమే, కానీ నన్ను ఆపింది అది కాదు, పిల్లలిద్దరూ ఒకే తరగతిలో కూర్చుంటారని, అమ్మలేని ఆ పిల్ల ముందు నా కూతురు వెనకబడుతుందని, అంతే. అంత చిన్న సంగతికి అమ్మవారిని అడ్డం పెట్టుకున్నాను.

రెట్టింపు ఫీజు కట్టలేక, చలికాలంలో ఓడ మీద తెలిసినవాళ్ళతో పిల్లను కడపకు పంపేశారు. ఈ మధ్యలో వచ్చిన రంజాన్ పండక్కి అక్క ఎప్పటిలాగే సేమ్యా పంపింది. నేను తిన్నాను.

తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. నేను నేర్పిన అక్షరాలే. "చిన్నమ్మా, ఈడ నన్ను బడికి పంపలేదు. బీడీలు చుట్టేకి కూర్చోబెట్టినారు. నువ్వు నేర్పినవి మర్చిపోకుండా గోడ మీద రాసుకుంటాండాను. ఆ పొద్దు మీ పూజ బాగా జరిగిందా?"

జవాబు రాయలేదు. రెండో ఉత్తరం రాలేదు. అక్కావాళ్ళు ఒమాన్‌లోనే ఇబ్రా అనే ఊరికి మారిపోయారు. వెళ్ళేముందు నూరి గురించి అడిగితే, పెళ్ళి చేసి ఎక్కడికో పంపేశారట, ఊరి పేరు తనకూ తెలియదంది.

నా కూతురు చదువుకుంది. అందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పబోతే అక్కే గుర్తొస్తుంది. ఆ చదువుకు సంతకం పెట్టింది దేవుడు కాదు కదా. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్ళు మీరు కారు. ఇది ఇన్నాళ్ళకు కాగితం మీద పెట్టాను. కుడిచేత్తోనే రాశాను.

ఒక్కటే అడుగుతాను. నన్ను మర్చిపోండి. నూర్జహాన్ అని ఒక పిల్ల ఉండేదని, ఇరవై రోజుల్లో గుణింతాలు నేర్చుకుందని గుర్తుపెట్టుకోండి.