కాఫీకి ముందే సాంబ్రాణి

మొన్న శుక్రవారం వేసిన సాంబ్రాణి వాసన అల్ అమెరాత్‌లోని మా రూమ్ పరదాల్లోంచి ఇంకా పోలేదు. ఒమాన్ వాళ్ళు దాన్ని లుబాన్ అంటారు. ఆ వాసన తగిలితే నాకు సూర్ పట్టణం, సముద్రం వైపు కిటికీ ఉన్న ఒక గది, అందులో నేలమీద కూర్చుని రాసుకునే షమ్సా గుర్తొస్తారు. ఆవిడ కవయిత్రి. వాళ్ళింట్లో నేను ఆరేళ్ళు పనిచేశాను. దేవుడు నన్ను అక్కడికి వంట చేయడానికే పంపాడనుకున్నాను.

వెళ్ళిన కొత్తలోనే తప్పు చేశాను. ఒకరోజు షమ్సాను చూడటానికి ఆడవాళ్ళు వచ్చారు. బాలయేసుకు జ్ఞానులు తెచ్చిన కానుకల్లో సాంబ్రాణి ఉందని సండే స్కూల్లో నేర్చుకున్నదాన్ని కదా, అదే మర్యాద అనుకుని కాఫీ కంటే ముందే ధూపం తెచ్చి వాళ్ళ ముందు పెట్టాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అబాయాలు సర్దుకుని లేచారు. షమ్సా బతిమాలి కూర్చోబెట్టారు. తర్వాత వంటగదిలోకి వచ్చి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

"మర్యం, ఈ పొగ వచ్చాక ఎవరూ కూర్చోరు. ఇక వెళ్ళిరండని మేం నోటితో చెప్పం, దీంతో చెబుతాం."

నా పేరు మరియమ్మ. ఆవిడ నోట మర్యం అయింది. యేసుప్రభువు తల్లి పేరు మా ఇద్దరి లేఖనాల్లోనూ ఉందని ఆవిడే చెప్పారు. నేను చేపలు శుభ్రం చేస్తుంటే పక్కన పీట వేసుకుని, రాసింది హిందీలో విడమరిచి చెప్పేవారు. నచ్చలేదంటే కోపం తెచ్చుకునేవారు, మర్నాడు మార్చుకొచ్చేవారు. అచ్చుకు ఇవ్వబోతున్న చివరి పుస్తకంలో వాళ్ళ అమ్మ మీద ఒక కవిత ఉంది. ఆ తల్లి పేరు మోజా. సూర్ పడవలకు తెరచాపలు కుట్టి పిల్లల్ని పెంచింది. "తెరచాపకు ఆమె కుట్లు తెలుసు, ఊరికి ఆమె పేరు తెలియదు" అని అందులో ఒక మాట. విన్నప్పుడు కత్తి పక్కన పెట్టేశాను. వరిచేలల్లో నాట్లు వేసిన మా అమ్మ పేరు మా ఊళ్ళో ఎవరికి తెలుసు?

ఆ కవితే షమ్సా పెద్దన్నగారికి గిట్టలేదు. తల్లి పేరు పరాయి మగవాళ్ళ నోళ్ళలో నలగడం వంశానికి అవమానమట. ఒక సాయంత్రం ఆయన వచ్చి, ఆ కవిత తీసేయమని, పుస్తకం మీద చెల్లెలి పేరు కూడా వద్దని, కాదంటే తనకు చెల్లెలే లేదని అన్నాడు. షమ్సా తల వంచుకుని వింటున్నారు. పెద్దన్నను పొమ్మనడం ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు చేతకాదు. నేను వంటగదిలో ఉన్నాను. నా వీసా ఆయన పేరు మీదే ఉంది. ప్రార్థన చేసుకున్నాను. నిప్పుల మీద సాంబ్రాణి వేశాను. కాఫీ కప్పు ఇంకా ఆయన చేతిలో ఉండగానే ధూపం తీసుకెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

ఆయన చెల్లెలి వైపు చూశాడు. "నీ పనిమనిషికి ఇన్నేళ్ళయినా మర్యాద తెలియలేదా?"

షమ్సా లేచి ధూపం నా చేతుల్లోంచి తీసుకున్నారు. ఆయన గడ్డం దాకా ఎత్తి పట్టుకున్నారు.

"తెలుసు. నేనే నేర్పాను."

ఆయన మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నెల తిరగకుండా నా వీసా రద్దయింది. షమ్సా ఎవరెవరినో అడిగి ఇక్కడ ఒక బడి వంటగదిలో పని ఇప్పించారు. పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆవిడ పేరు, లోపల మోజా పేరు. పోయిన ఏడాది ఆవిడ కన్నుమూశారు. అన్న చివరిచూపుకైనా వచ్చాడో లేదో నాకు తెలియదు.

ఇక్కడి మన తెలుగు ఆరాధనలో ఆడవాళ్ళు, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యానికి లేస్తే ఫలానావారి భార్యనని మొదలుపెడతారు. నేను నా పేరు చెప్పి, మా అమ్మ సుందరమ్మ పేరు చెప్పి, షమ్సాను బట్టి దేవునికి స్తోత్రం చెబుతాను. మొన్న శుక్రవారం సంఘ పెద్ద యేసుపాదం గారు మా రూమ్‌కి వచ్చారు. "ఏమ్మా మరియమ్మా, సాక్ష్యంలో ఆ తురకావిడ పేరెందుకు? మానెయ్యమ్మా, బాగోదు" అన్నారు. నేను టీ పెట్టకుండానే సాంబ్రాణి వేశాను. పాపం, ఆయనకేం తెలుసు? వాసన బాగుందని కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

ఇక నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

"మాననండీ. వచ్చే వారం కూడా చెబుతాను. ఇక వెళ్ళిరండి."